అరవై ఏడు, తొంభై మూడు

జూలై 30, బుధవారం

పార్కింగ్ లాట్‌లో, కారులోనే. ఏసీ ఆపితే ఉడికిపోతాను, వేసుకుంటే బద్ధకం. లోపలికి వెళ్ళే ముందు ఈ పది నిమిషాలే నావి.

మా అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ క్యాంప్ మొదలైన దగ్గర్నుంచి ఇదే పని. ప్రాక్టీస్ వీడియో పెట్టుకోవడం, డెఫెన్సివ్ ఎండ్‌లు ఒక్కొక్కరినీ చూడడం, ఒక్కో ప్లేకి ఒక్కో వరుస నింపడం. తేదీ, జెర్సీ నంబర్, గెలిచాడా, ఓడాడా, బయటి దారి మూశాడా, వదిలేశాడా. మ్యాచ్‌లకైతే డేటా కొనుక్కుంటాం. ప్రాక్టీస్‌కి ఎవరూ అమ్మరు. ఈ షీట్ నా సొంతం. ఇంత ఓపికగా ఇంకెవరైనా చేస్తున్నారా అని నా మీద నాకే ముచ్చటేస్తుంది.

పేర్లు చూడను. అది నా నియమం. పేరు తెలిస్తే మనిషి మీద ఇష్టమో విసుగో పుడుతుంది, మార్కులు అటో ఇటో ఒరుగుతాయి. నంబర్లే రాస్తాను. పేర్లు ఆఖర్న ఒకేసారి కలుపుతాను.

ఎనిమిది మంది ఉన్నారు. సీజన్‌కి మిగిలేది ఐదుగురు. నలుగురి సంగతి అందరికీ తెలుసు. ఐదో చోటు కోసమే ఈ తంటా అంతా.

ఈ రోజు 67 భలే చేశాడు. బంతి కదిలాక అర క్షణం ఆగుతాడు, చూస్తాడు, అప్పుడు కదులుతాడు. తొందరన్నదే లేదు. బయటి దారి ఒక్కసారి కూడా వదల్లేదు. అతని వరుసలన్నీ పచ్చగా ఉన్నాయి.

ఆగస్టు 2, శనివారం

ఫ్యామిలీ డే. మా ఆయన మధునీ, అమ్మాయి నిత్యనీ తీసుకెళ్ళాను. మధు అటు ఆట చూడడం మానేసి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని పాత ఫ్రెండ్‌తో ఫోన్లో — "డెఫెన్సివ్ ఎండ్ అంటే ఏం లేదురా, లైన్‌కి ఆ చివర కాపలా. బంతి పట్టుకున్నోణ్ణి పక్కనుంచి జారిపోనివ్వకూడదు. వీలైతే లోపలికి దూరి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని పడెయ్యాలి. మా శైలు వాళ్ళకి మార్కులేస్తుంది." ఈ ఊరొచ్చి నాలుగేళ్ళైంది. ఇంత చక్కగా నేనే ఎవరికీ చెప్పలేకపోయాను.

నిత్య కంచె దగ్గర అరగంట నిలబడి టోపీ మీద సంతకం పెట్టించుకుంది. టెరెల్ అట. ఆరేళ్ళలో మూడు టీములు మారాడట. "అమ్మా, హీ ఆస్క్‌డ్ మై నేమ్ ట్వైస్. కరెక్ట్‌గా చెప్పడానికి. 'నిత్య' అని మంచిగా అన్నాడు." స్కూల్లో టీచర్లు కూడా ఇంకా 'నిటియా' అనే అంటారు. పిల్ల ముఖం వెలిగిపోతోంది. టోపీ నా ముందు పెట్టింది, "బాగుంది కన్నా" అన్నాను. చూడలేదు. ఫోన్లో ఈమెయిల్స్ చూసుకుంటున్నాను.

ఆగస్టు 7, గురువారం

కిట్ రూమ్ నుంచి ఈమెయిల్. మోకాలు దెబ్బతిన్న పాతాయన్ని పంపేశారట, ఆ చోట కొత్తగా ఒకణ్ణి తెచ్చారట, ఎవరివో నంబర్లు మారాయట. తర్వాత చూద్దాం.

ఆగస్టు 14, గురువారం

67 ఇవాళ తేలిపోయాడు. పర్లేదు, సరాసరి ఇంకా పైనే ఉంది. 93 మాత్రం ఉన్నట్టుండి బాగుపడ్డాడు. ఆలస్యమైంది బాబూ.

ఆగస్టు 21, గురువారం

పేర్లు కలిపాను. ఇప్పటి ఆటగాళ్ళ జాబితా తీసుకుని నంబర్ పక్కన పేరు — ఒక్క క్లిక్. 67 అంటే కైల్. 93 అంటే టెరెల్. ఐదో చోటుకి పోటీ వీళ్ళిద్దరిదే. కైల్ ఎక్కడో పైన, టెరెల్ ఎక్కడో కింద.

టెరెల్ అంటే నిత్య టోపీవాడు కదా, అయ్యో అనుకున్నాను. చూశావా, ఇందుకే పేర్లు చూడకూడదు అని కూడా అనుకున్నాను.

గ్రెగ్ ఒక్క పేజీయే కావాలన్నాడు. మా డిపార్ట్‌మెంట్ బాస్‌కి రెండో పేజీ తిప్పే ఓపిక ఎప్పుడూ లేదు. తేదీల కాలమ్ తీసేశాను. ఒక్కొక్కరికీ ఒక్క శాతం, ఒక్క రంగు. పేజీ కడిగిన ముత్యంలా ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

గెలిచాను!

డెప్త్ మీటింగ్, ఎవర్ని ఉంచాలో తేల్చేది. పెద్ద బల్ల, పన్నెండు మంది మగవాళ్ళు, నేను. నలుగురి గురించి పది నిమిషాల్లో అయిపోయింది. ఐదోవాడి దగ్గర లైన్ కోచ్ రే పట్టుబట్టాడు. అరవై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ బొంగురే. టెరెల్‌నే ఉంచాలన్నాడు. కైల్‌కి ఒళ్ళుంది కానీ కాపలా కాయడం రాదన్నాడు.

నా పేజీ తెర మీద పెట్టారు. టీమ్ జనరల్ మేనేజర్, జీఎం, కనుబొమలెగరేసి — "వచ్చి రెండు వారాలేగా, ఇంత చేశాడా కైల్?"

రెండు వారాలా? ఒక్క క్షణం ఏదో గుచ్చుకుంది. అడగలేదు. అందరూ నన్ను చూస్తున్నారు, నాకు బాగుంది.

రే అన్నాడు, శైలు అనడం ఇక్కడెవరికీ రాదు, "షై, నేను రోజూ ఆ కుర్రాణ్ణి ఆరడుగుల దూరం నుంచి చూస్తున్నాను. నీ కాగితమా, నా కళ్ళా... మనిద్దరిలో ఒకళ్ళం వేరే మనిషిని చూస్తున్నాం."

నేను వెంటనే — "కళ్ళకి నిన్నటిదే గుర్తుంటుంది కోచ్. షీట్‌కి అన్నీ గుర్తుంటాయి."

అందరూ ఘొల్లుమని నవ్వారు. రే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కైల్‌నే ఉంచుతున్నారు. మంగళవారం ప్రకటిస్తారు.

కారులో కూర్చుని పెద్దగా నవ్వాను, ఒక్కదాన్నే.

ఆగస్టు 23, శనివారం

రాస్తే భారం తగ్గుతుందేమో.

పొద్దున బట్టలు వాషర్‌లో వేస్తూ నిత్య టోపీ కూడా అందులో పడేశాను. పిల్ల కేక పెట్టింది. "అమ్మా నో! సైన్ పోతుంది!" తీసి ఇచ్చాను. అప్పుడు చూశాను. సంతకం. దాని కింద నంబర్, పెద్దగా, రెండుసార్లు దిద్ది — 67.

"67 టెరెల్ కాదే, కైల్" అన్నాను.

"లేదమ్మా. అప్పుడు తను 67. తర్వాత 93 తీసుకున్నాడు, అది వాళ్ళ కాలేజ్ నంబర్. ఎవ్రీబడీ నోస్."

ఎవ్రీబడీ నోస్. పదమూడేళ్ళ పిల్లకి తెలుసు. రోజూ వీడియో ముందు కూర్చున్న దాన్ని, నాకు తెలీదు.

ఆ ఈమెయిల్ తీశాను. ఉంది, రెండు వారాల కిందటిది. మోకాలి మనిషి వెళ్ళిపోయాక అతని 93 టెరెల్‌కి. టెరెల్ వదిలిన 67 కొత్తగా వచ్చిన కైల్‌కి. అంటే క్యాంప్ మొదట్లో టెరెల్ చేసినదంతా నేను కైల్ పేర రాశాను. మోకాలు లాగుతూ కుంటిన మనిషి ఓటములన్నీ టెరెల్ పేర రాశాను. తేదీల కాలమ్ ఉండి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. కైల్ ఇంకా ఈ ఊళ్ళోనే లేని రోజుల్లో వాడికి పచ్చ టిక్కులు పెట్టాను!

లెక్క మళ్ళీ వేశాను. మూడు సార్లు. తారుమారు. టెరెల్ పైన, కైల్ కింద, దగ్గర దగ్గరగా కూడా కాదు.

రే నిజంగానే వేరే మనిషిని చూస్తున్నాడు. నేను నవ్వించాను అందరినీ.

ఆగస్టు 24, ఆదివారం

మధుకి చెప్పాను. దోసెలు పోస్తూ చెప్పాను, మొహం చూడకుండా ఉండొచ్చని.

"సరే, తప్పు జరిగింది. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్. ఇంకా మంగళవారం రాలేదుగా. మహా అయితే తిడతారు."

"తిడతారా? వచ్చే నెల నా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చెయ్యాలి వాళ్ళు. నా వీసా పోతే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు శైలూ. అయినా చెప్పాలి. అతనికి ఉద్యోగం పోతుంది కదా."

"నీకేం, ఇంట్లో కూర్చుని నీతులు చెప్తావు. నువ్వు ఉద్యోగం చేసేది నా వీసా మీద."

అనేశాను. పదేళ్ళ కాపురంలో... కాదు, పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట. మధు పళ్ళెం తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళాడు. దోసె పెనానికి అంటుకుపోయింది. గీకుతూ నిలబడ్డాను.

కోపంలో నోరు జారింది అని రాసుకుందామనుకున్నాను. అబద్ధం. గుర్తు చేయాలనే అన్నాను, నోరు మూయించాలనే అన్నాను.

ఆగస్టు 25, సోమవారం

గ్రెగ్ గది దాకా వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది.

దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. గ్రెగ్, ఒక తప్పు జరిగింది. గ్రెగ్, నా షీట్‌లో నంబర్లు కలిసిపోయాయి. కష్టమైన మాటలేం కావు.

అతనే నవ్వుతూ, "షై! కరెక్ట్ టైమ్‌కి వచ్చావ్. నీ వీసా లెటర్ రాస్తున్నాను, చూడు" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. నా పని గురించి రెండు పేరాలు. డెఫెన్సివ్ ఎండ్ రిపోర్ట్ గురించే ప్రత్యేకంగా రాశాడు. అరుదైన కచ్చితత్వం అన్నాడు. కచ్చితత్వం! "ఇంకేమైనా కలపనా?" అని అడిగాడు.

"చాలు, చాలా బాగుంది" అన్నాను. "కాఫీ తేనా?" అని కూడా అడిగాను. ఎప్పుడూ అడగను. తెచ్చి ఇచ్చాను.

సీటుకొచ్చి ఇంకో పని చేశాను. షీట్ దిద్దాను. నంబర్లు, పేర్లు, తేదీలు, అన్నీ సరిచేసి కొత్త పేరుతో దాచుకున్నాను. నిజం ఇప్పుడు నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. ఎవరికీ పంపలేదు. అదేం మనస్తత్వమో నాకే అర్థం కాలేదు.

ఆగస్టు 26, మంగళవారం

పంపేశారు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ అసలుది రాయకపోతే ఈ డైరీ కూడా నా ఒక్క పేజీ రిపోర్ట్ లాంటిదే అవుతుంది.

పదకొండింటికి కారిడార్‌లో టెరెల్ ఎదురుపడ్డాడు. ఒక చేతిలో ఆట పథకాలుండే టాబ్లెట్, తిరిగి ఇచ్చెయ్యడానికి. ఇంకో చేతిలో బూట్లున్న ప్లాస్టిక్ సంచి. పక్కకి తప్పుకుందామంటే దారి లేదు, అంత మనిషి. ఆగాడు.

"నిత్య వాళ్ళమ్మగారు కదూ?" నిత్య పేరు మళ్ళీ సరిగ్గానే అన్నాడు. "నంబర్లు చూసేది మీరేనటగా. ఒక్కటి అడగనా? కోపంతో కాదు. నేను ఎక్కడ తగ్గాను?"

అప్పుడైనా చెప్పొచ్చు. కారిడార్‌లో ఎవరూ లేరు. జీఎం గది ఇరవై అడుగుల దూరం.

"మొదటి అడుగు" అన్నాను. నా గొంతే. "బంతి కదిలాక కొంచెం ఆగుతున్నారు. ఆ ఆలస్యమే..."

అతనిలో నాకు నచ్చిందే అది. జూలైలో ఈ డైరీలోనే రాసుకున్నాను. ఏదో ఒక తప్పు చెప్పాలి కాబట్టి, నోటికి దొరికింది చెప్పాను.

అతను సంచి కింద పెట్టి, ఫోన్ తీసి, రాసుకున్నాడు. నిజంగా రాసుకున్నాడు. "థాంక్యూ. పంపేటప్పుడు అందరూ నువ్వు బాగా ఆడావనే చెప్తారు. ఇది తప్పని చెప్పింది మీరొక్కరే." చెయ్యి కలిపాడు.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. అది కూడా సిగ్గుగానే ఉంది — పోయింది అతనికి, ఏడుపు నాకా.

ఆగస్టు 27, బుధవారం

టెరెల్‌ని ఏ టీమూ తీసుకోలేదు. ఇక్కడే, మ్యాచ్‌లు ఆడని ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనైనా ఉంచుతారేమోనని ఆశపడ్డాను. చిన్నవాళ్ళకే ఇచ్చారు.

నిత్య అడిగింది, "అమ్మా, తను బాగానే ఆడాడు కదా? నువ్వే కదా చార్ట్ చేసేది?"

"అది కోచ్‌ల నిర్ణయం నాన్నా" అన్నాను.

మధు సోఫాలోంచి తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ లాప్‌టాప్‌లోకి దించేశాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఎక్స్‌టెన్షన్ ఫైల్ అయింది. లాయర్ ఈమెయిల్. మధుకి ఫార్వర్డ్ చేశాను. 'గుడ్' అని ఒక్క మాట వచ్చింది, పక్కింటి నుంచి కాదు, పక్క గదిలోంచి.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఇవాళ మ్యాచ్‌లో కైల్ మూడుసార్లు లోపలికి దూకేశాడు. మూడుసార్లూ బంతి పట్టుకున్నవాడు వాడి వెనకనుంచి బయటికి జారిపోయాడు. మూడోసారికి ఓడిపోయాం. టీవీలో రేని చూపించారు. అరవడం లేదు, తిట్టడం లేదు, ఊరికే నిలబడ్డాడు.

అరిస్తే బాగుండేది.

సెప్టెంబర్ 24, బుధవారం

క్యాఫెటీరియాలో కైల్ నా ఎదురుగా కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళు, మొటిమలు ఇంకా పోలేదు. "మేడమ్, మీ రిపోర్ట్ వల్లే నేనున్నానని అందరూ అంటున్నారు. కానీ నేను అంత బాగా ఆడుతున్నట్టు నాకు అనిపించడం లేదు. ఆగస్టులో నేను ఏం చేశానో చూపిస్తారా? మళ్ళీ అలాగే చేస్తాను."

ఏం చూపించను వీడికి? వేరేవాడి ఆటనా?

పనుందని లేచి వచ్చేశాను. ట్రే అక్కడే వదిలేశాను. వీడికి నేను మేలు చేశాననే ఒక్క ఊరట ఉండేది ఇన్నాళ్ళూ, అదీ పోయింది.

అక్టోబర్ 14, మంగళవారం

కాఫీ మెషిన్ దగ్గర రే. టెరెల్ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడట. వాళ్ళ ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో రోజూ ప్రాక్టీసట. "మొదటి అడుగు మీదే పని చేస్తున్నాడట, పొద్దున్నా సాయంత్రమూ. ఎవరో చెప్పారట అది నెమ్మదిగా ఉందని. నేనైతే చెప్పలేదు" అన్నాడు.

కప్పు నిండి పొర్లిపోయింది. చెయ్యి కాలింది. రేనే టిష్యూలు తీసి ఇచ్చాడు. "జాగ్రత్త షై" అన్నాడు.

ఏడు వారాలు. పొద్దున్నా, సాయంత్రమూ. లేని తప్పు దిద్దుకుంటున్నాడు.

అక్టోబర్ 15, బుధవారం

అతని నంబర్ సంపాదించాను. మెసేజ్ టైప్ చేశాను. 'మీ మొదటి అడుగులో ఏ తప్పూ లేదు.' చెరిపేశాను. అలా అంటే ఎందుకు చెప్పావని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే అంతా చెప్పాలి. అంతా చెప్పే దమ్ముంటే ఆ రోజు కాఫీ ఎందుకు తెస్తాను?

అక్టోబర్ 31, శుక్రవారం

హాలోవీన్ కదా, గడప దగ్గర గుమ్మడికాయ పెట్టి వచ్చాను, నిత్య చెక్కింది. ఆఫీసుకొచ్చేసరికి కబురు — ఉన్న ఐదుగురిలో ఇద్దరికి దెబ్బలు, ఒకళ్ళు ఈ సీజన్‌కి ఇక లేనట్టే. గ్రెగ్ వచ్చాడు. "డెఫెన్సివ్ ఎండ్ డెప్త్ మళ్ళీ రాయాలి షై. ఎవరున్నారు, బయట ఎవరు దొరుకుతారు. ఎప్పట్లాగే ఒక్క పేజీ." మంగళవారం నలుగుర్ని పిలిచి చూస్తారట.

రే ఇచ్చిన జాబితాలో మొదటి పేరు టెరెల్‌ది.

దేవుడా, థాంక్స్. అతన్ని తీసేసుకుంటే చాలు. అప్పుడిక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ మాట అనుకున్న వెంటనే నా మీద నాకే అసహ్యమేసింది. కానీ అనుకున్నాను.

నవంబర్ 4, మంగళవారం

ఎలా రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇండోర్ ఫీల్డ్. ఒక్కొక్కళ్ళనీ వరుసగా. కర్రకి బిగించిన బంతిని రే నేల మీద పెట్టి పట్టుకుంటాడు. బంతి కదలగానే వాళ్ళు కదలాలి. కదలకముందు కదిలితే తప్పు, మ్యాచ్‌లో అయితే పెనాల్టీ. అంతే పరీక్ష.

టెరెల్ సన్నబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు, నవ్వుతూ.

మొదటిసారి — బంతి కదలకముందే దూకాడు. "మళ్ళీ" అన్నాడు రే. రెండోసారి ఆగలేకపోయాడు, మళ్ళీ ముందే. మూడోసారి సరిగ్గా. నాలుగోసారి ముందే. కదిలినప్పుడు కూడా చూడడం లేదు, ఆ అర క్షణం లేదు, నేరుగా లోపలికే. బయటి దారి బార్లా తెరిచి.

అచ్చం కైల్‌లాగా.

రే కర్ర కింద పెట్టాడు. "ఏమైంది నీకు? నువ్వు ఎప్పుడూ తొందరపడే మనిషివి కాదుగా. ఎవరు చెప్పారిలా చెయ్యమని?"

టెరెల్ నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. "నాకే అనిపించింది కోచ్" అన్నాడు.

వేరేవాణ్ణి తీసుకున్నారు.

వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "అతిగా చేశాను, కదూ? తగ్గించుకుంటాను. మీరు చెప్పింది మాత్రం కరెక్టే." నన్ను ఓదారుస్తున్నాడు! "నిత్యని అడిగానని చెప్పండి."

అతను తలుపు దాకా వెళ్ళేవరకూ చూశాను, తర్వాత పార్కింగ్ లాట్ వైపు కిటికీలోంచి చూశాను. వ్యాన్ వచ్చింది, ఎక్కాడు, వెళ్ళిపోయాడు.

నవంబర్ 5, బుధవారం

రే నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడూ రాడు ఈ వైపు.

"షై, ఆగస్టులో నీ షీట్ నాకోసారి చూపిస్తావా? ఒక్క పేజీ కాదు, మొత్తం, రోజువారీగా. నిన్ను పట్టుకోవాలని కాదు. ఆ మీటింగ్‌లో నువ్వన్నది నిజమేనేమో అనిపిస్తోంది. నా కళ్ళకి ఏదో అయింది. టెరెల్ మంచివాడనుకున్నాను, నీ నంబర్లు కాదన్నాయి. నిన్న చూస్తే నీ నంబర్లే నిజం. ముప్పై ఏళ్ళుగా ఇదే నా బతుకు, ఇప్పుడు మనిషిని చూసి చెప్పలేకపోతున్నానంటే... ఈ సీజన్‌తో మానేద్దామనుకుంటున్నాను. అంతకు ముందు ఎక్కడ పొరబడ్డానో చూసుకోవాలి."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, ఆ రోజులాగే.

"రేపు పొద్దున తెస్తాను కోచ్" అన్నాను.

"నీకు ఇబ్బంది లేకపోతేనే."

ఇంటికొచ్చి మధుకి చెప్పాను. అంతా, కారిడార్ దగ్గర్నుంచి, ఇన్నాళ్ళూ అతనికి చెప్పని ముక్క కూడా. అతను లాప్‌టాప్ మూసి అంతా విన్నాడు. ఆఖరికి — "నేనేం చెప్పను శైలూ. చెప్తే మళ్ళీ నీ వీసా మీద ఉన్నాననే అంటావు." కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. క్షమించమని అడిగాను. "ముందు టెరెల్‌ని అడుగు" అన్నాడు.

నవంబర్ 6, గురువారం

పార్కింగ్ లాట్. ఎనిమిది నలభై. అద్దాల మీద మంచు, హీటర్ వేసినా కరగడం లేదు.

రెండు షీట్లూ ప్రింట్ తీసి తెచ్చాను. ఆగస్టులో బల్ల మీద పెట్టింది ఒకటి. దిద్దుకుని దాచుకున్నది ఒకటి, తేదీల కాలమ్‌తో. తేదీలున్నది రే చదివితే నేను ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. మొదటి వరుసలోనే ఉంది. జూలై 30, 67, టెరెల్. అతని కళ్ళకి ఏమీ కాలేదని అతనికే తెలుస్తుంది.

ఎవరూ లేనప్పుడు బల్ల మీద పెట్టేసి వచ్చేస్తే? ఇప్పుడు కూడా అదే ఆలోచన. ఛీ.

రే కారు వచ్చింది. దిగాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు, ఆఫీసు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, నేను వస్తానని.

కాగితం పైన పెన్నుతో రాశాను. టెరెల్ మొదటి అడుగులో ఏ తప్పూ లేదు, ఉందని నేను అబద్ధం చెప్పాను. కింద పేరు రాయాలి. చలికి పెన్ను సరిగ్గా రాయడం లేదు. ఆయన ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు.